ఓఆర్‌ఏ-00942

ఓఆర్‌ఏ-00942 అనేది ఒరాకిల్ డేటాబేసు ఇచ్చే దోష సందేశాలలో ఒకటి. అడిగిన పట్టిక గాని, వ్యూ గాని లేదు అన్నది ఈ సందేశపు భావం. ఒరాకిల్‌తో పరిచయం ఉన్నవారిలో దీనిని చూడనివారు అరుదు. పలు సాఫ్టువేరు వ్యవస్థలు ఒకదానితో ఒకటి అనుసంధానమై పనిచేసే పెద్ద సంస్థలలో ఇది మరింత చిక్కు కలిగిస్తుంది. సందేశం ఒక వ్యవస్థలో కనబడుతుంది, కారణం వేరొక వ్యవస్థలో ఉంటుంది.

సందేశంలోని మాటలను ఉన్నవి ఉన్నట్లుగా తీసుకోరాదు. పట్టిక నిజంగా లేకపోవడం దీనికి గల కారణాలలో ఒకటి మాత్రమే. అడిగిన వాడుకరికి, అడిగిన పేరుతో, అడిగిన చోట ఆ పట్టిక కనబడలేదు అన్నదే దీని సరియైన అర్థం. ఈ భేదాన్ని గమనించక, లేదన్న పట్టికను కొత్తగా సృష్టించి దోషాన్ని "సరిచేయడం" వలన అసలు దోషం కంటే ఎక్కువ నష్టం జరిగే అవకాశం కలదు.

నేపథ్యం

సమాచారాన్ని పట్టికల రూపంలో భద్రపరచే రిలేషనల్ పద్ధతిని ఐబీఎమ్ సంస్థలో పనిచేసిన ఎడ్గార్ ఎఫ్. కాడ్ 1970లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ప్రతిపాదించాడు. ఈ పద్ధతిపై ఆధారపడిన ఒరాకిల్ డేటాబేసు 1979లో మార్కెట్టులోకి వచ్చింది. మొదటి విడుదలకే "రెండవ వెర్షను" అని పేరు పెట్టడం ఒక విశేషం.

ఒరాకిల్‌లో ప్రతి వాడుకరి ఖాతాకు అదే పేరుతో ఒక స్కీమా ఉంటుంది. ఆ వాడుకరి సృష్టించిన పట్టికలు, వ్యూలు, ప్రొసీజర్లు మొదలైనవన్నీ ఆ స్కీమాకు చెందుతాయి. నేర్చుకునేవారి కొరకు ఒరాకిల్ చాలాకాలం స్కాట్ అనే ఖాతాను, అందులో ఈఎంపీ, డెప్ట్ మొదలగు పట్టికలను నమూనాగా అందించింది. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణా కేంద్రాలలో ఒరాకిల్ నేర్చుకున్నవారికి ఈ రెండు పట్టికలు సుపరిచితాలు. స్కాట్ ఖాతాలో ఉన్న ఈఎంపీ పట్టికను అనుమతి లేని మరొక ఖాతా నుండి అడిగినప్పుడు వచ్చేది కూడా ఓఆర్‌ఏ-00942 దోషమే. పట్టిక అక్కడే ఉంటుంది, అయినా లేదనే జవాబు వస్తుంది.

పేరును వెదికే క్రమం

క్వెరీలో ఒక పట్టిక పేరు మాత్రమే ఇచ్చి స్కీమా పేరు ఇవ్వనప్పుడు ఒరాకిల్ మొదట ప్రస్తుత స్కీమాలో ఆ పేరుగల పట్టిక, వ్యూ లేదా సొంత సినానిమ్ ఉన్నదేమో చూస్తుంది. సినానిమ్ అంటే ఒక పట్టికకు పెట్టుకునే మారుపేరు. అక్కడ దొరకకపోతే అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ సినానిమ్‌లలో వెదుకుతుంది. అక్కడ కూడా లేకపోతే 00942 దోషం వస్తుంది. స్కీమా పేరుతో సహా అడిగినప్పుడు ఆ ఒక్క స్కీమాలోనే వెదుకుతుంది, మరెక్కడికీ వెళ్ళదు.

సినానిమ్ సృష్టించేటప్పుడు అది సూచించే పట్టిక ఉన్నదో లేదో ఒరాకిల్ పరిశీలించదు. లేని పట్టికకు కూడా సినానిమ్ పెట్టవచ్చు. కనుక సినానిమ్ ఉన్నంత మాత్రాన పట్టిక ఉన్నదని భావించరాదు. పబ్లిక్ సినానిమ్ మిగిలి, అసలు పట్టిక తొలగిపోయిన సందర్భాలలో 00942కు బదులు ఓఆర్‌ఏ-01775 అనే వేరొక దోషం రావడం కూడా కలదు. సినానిమ్‌లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని ఆ సందేశం చెబుతుంది. దానిని చూసి ఎక్కడో వలయం ఉన్నదని వెదకడం కంటే, పట్టిక ఉన్నదో లేదో ముందుగా చూడడం మేలు.

ఇంగ్లీషులోని పెద్దక్షరాలు, చిన్నక్షరాలు మరొక కారణం. ఇటువంటి భేదం లేని తెలుగు లిపికి అలవాటుపడిన కొత్త విద్యార్థికి ఇది విచిత్రంగా తోచవచ్చు. కొటేషన్ గుర్తులు లేకుండా వ్రాసిన పేరును ఒరాకిల్ పెద్దక్షరాలలోకి మార్చి భద్రపరుస్తుంది, వెదికేటప్పుడు కూడా అలాగే మారుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇందుకు విరుద్ధంగా చిన్నక్షరాలలోకి మారుస్తుంది. ఒక డేటాబేసు నుండి మరొక దానికి పట్టికలను తరలించే పనిముట్లు కొన్ని పేర్లను కొటేషన్ గుర్తులతో, చిన్నక్షరాలలోనే సృష్టిస్తాయి. అప్పుడు జాబితాలో పట్టిక పేరు కంటికి కనబడుతూనే ఉంటుంది, క్వెరీకి మాత్రం దొరకదు.

లేకపోవడం, అనుమతి లేకపోవడం

పట్టిక లేకపోయినా, ఉండి దానిపై ఏ అనుమతీ లేకపోయినా ఒరాకిల్ ఒకే సందేశం ఇస్తుంది. ఇది పొరపాటు కాదు, భద్రత కోసం చేసిన ఏర్పాటు. రెండింటికీ వేర్వేరు సందేశాలు ఇస్తే అనుమతి లేని వ్యక్తి వరుసగా పేర్లు ఊహించి అడుగుతూ ఏ పట్టికలు ఉన్నవో తెలుసుకోగలుగుతాడు. ఒక సంస్థ డేటాబేసులో "ఉద్వాసన జాబితా" అనే పట్టిక ఉన్నదని తెలియడమే రహస్యం బయటపడడంతో సమానం, లోపలి పేర్లు చదవవలసిన పని లేదు.

పట్టికపై ఏదో ఒక అనుమతి ఉన్నప్పుడు దానిని దాచవలసిన అవసరం ఉండదు. ఉదాహరణకు చదివే అనుమతి మాత్రమే ఉన్న వాడుకరి పట్టికలో వరుసలు చేర్చబోతే ఓఆర్‌ఏ-01031 వచ్చును. అనుమతులు చాలవని దీని అర్థం. ఈ సంఖ్య కనబడితే పట్టిక ఉన్నట్లే లెక్క.

అనుమతుల విషయంలో ఎక్కువమందిని తికమకపెట్టేది రోల్స్ వ్యవహారం. పలు అనుమతులను కలిపి ఒక రోల్‌గా చేసి వాడుకరులకు ఇవ్వడం సాధారణ ఆచారం. అయితే యజమాని హక్కులతో నడిచే స్టోర్డ్ ప్రొసీజర్ల లోపల రోల్ ద్వారా వచ్చిన అనుమతులు చెల్లవు, నేరుగా ఇచ్చిన గ్రాంటు మాత్రమే చెల్లుతుంది. అందువలన ఒక క్వెరీని విడిగా నడిపినప్పుడు ఫలితం వస్తుంది, అదే క్వెరీని ప్రొసీజరులో పెడితే 00942 వస్తుంది. దీనిని నిర్ధారించుకొనేందుకు సులభమైన పద్ధతి ఒకటున్నది. సెషనులో రోల్స్ అన్నిటినీ తాత్కాలికంగా నిలిపివేసి, క్వెరీని మళ్ళీ విడిగా నడపాలి. ఇప్పుడు అది కూడా విఫలమైతే లోపం రోల్‌లోనే ఉన్నదని తేలుతుంది.

అనుసంధానిత వ్యవస్థలలో

ఒక ఒరాకిల్ డేటాబేసు నుండి మరొక దానిలోని పట్టికలను చదువుటకు డేటాబేస్ లింకును వాడుతారు. లింకు గుండా వెళ్ళిన క్వెరీ అవతలి డేటాబేసులో ఏదో ఒక ఖాతాతో లాగిన్ అవుతుంది. ఖాతా పేరు, పాస్‌వర్డు లింకులోనే నిక్షిప్తమై ఉంటే ఆ ఖాతాతోను, లేకపోతే ఇవతలి వాడుకరి పేరుతోనే అవతల ఉన్న ఖాతాతోను ప్రవేశిస్తుంది. అక్కడి నుండి పేరును వెదికే క్రమం, అనుమతుల పరిశీలన అన్నీ అవతలి ఖాతాకు సంబంధించినవి. ఇవతలి వాడుకరికి ఎన్ని హక్కులు ఉన్నా అక్కడ లెక్కలోకి రావు.

దోషం ఏ వైపు పుట్టినదో తెలుసుకొనేందుకు దాని తరువాతి పంక్తిని చూడాలి. అవతలి డేటాబేసు నుండి వచ్చిన దోషమైతే 00942 క్రింద ఓఆర్‌ఏ-02063 అనే పంక్తి, లింకు పేరుతో సహా కనబడుతుంది. పైపంక్తి ఆ లింకు నుండి వచ్చినది అని దీని తాత్పర్యం. చాలా అప్లికేషన్లు తమ లాగ్ ఫైలులో మొదటి పంక్తినే వ్రాసుకొని రెండవదాన్ని వదిలివేస్తాయి, దానితో ముఖ్యమైన ఆధారం పోతుంది. మరొక సంగతి, లింకు నుండి 00942 వచ్చినదంటే నెట్‌వర్కు, పాస్‌వర్డు సరిగానే ఉన్నట్లు. సర్వరు చిరునామా దొరకకపోతే 12154, పాస్‌వర్డు తప్పయితే 01017, లింకే లేకపోతే 02019 అనే సంఖ్యలు వస్తాయి. కనుక 00942 వచ్చినప్పుడు నెట్‌వర్కు విభాగాన్ని నిద్రలేపవలసిన పని లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సంస్థలో సిబ్బంది వివరాలు ఒక డేటాబేసులోను, జీతాల లెక్కలు వేరొక డేటాబేసులోను ఉన్నాయనుకొందాం. కొత్తగా చేరినవారు, బదిలీలు, ఇంక్రిమెంట్లు మొదలైనవి సిబ్బంది డేటాబేసులోని "మార్పులు" అనే పట్టికలో నమోదవుతాయి. జీతాల వ్యవస్థ ప్రతి రాత్రి లింకు గుండా, అవతల ఉన్న "వారధి" అనే ఖాతాతో ప్రవేశించి, పబ్లిక్ సినానిమ్ ద్వారా ఈ పట్టికను చదువుతుంది. సిబ్బంది సాఫ్టువేరుకు కొత్త వెర్షను వేసిన మరునాటి నుండి రాత్రి పని 00942తో ఆగిపోసాగింది.

జీతాల వైపు నిర్వాహకుడు చూస్తే తన వైపు ఏమీ మారలేదు. సిబ్బంది వైపు నిర్వాహకుడు చూస్తే పట్టిక ఉన్నది, వరుసలన్నీ ఉన్నాయి. ఇద్దరూ చెప్పేది నిజమే. కొత్త వెర్షను వేసిన స్క్రిప్టు పట్టికకు ఒక కాలమ్ చేర్చుటకు, సమాచారాన్ని పక్కన దాచి, పాత పట్టికను డ్రాప్ చేసి, అదే పేరుతో తిరిగి సృష్టించింది. ఒరాకిల్‌లో పట్టికను డ్రాప్ చేస్తే దానిపై ఇచ్చిన గ్రాంట్లన్నీ దానితోపాటే పోతాయి. తిరిగి సృష్టించిన పట్టికకు పేరు పాతదే అయినా గ్రాంట్లు తిరిగి రావు. వారధి ఖాతాకు చదివే అనుమతి మళ్ళీ ఇవ్వడమే దీనికి చికిత్స, అందుకు ఒక్క వాక్యం చాలు. పట్టికను డ్రాప్ చేయకుండా ఆల్టర్ వాక్యంతో కాలమ్ చేర్చి ఉంటే, లేదా ట్రంకేట్‌తో ఖాళీ చేసి నింపి ఉంటే గ్రాంట్లు నిలిచి ఉండేవి.

నకలు డేటాబేసులతో వచ్చే చిక్కు వేరు. పరీక్షల కోసం అసలు డేటాబేసుకు నకలు తీసినప్పుడు లింకులు కూడా నకలవుతాయి, అవి అసలు వ్యవస్థలనే చూపుతూ ఉంటాయి. వాటిని పరీక్షా వ్యవస్థల వైపు మళ్ళించిన తరువాత, అక్కడ కొన్ని పట్టికలు లేక 00942 రావడం సహజం. ఇటువంటప్పుడు దోషం రావడమే అదృష్టం. మళ్ళించడం మరచిపోతే ఏ దోషమూ రాకుండా పరీక్షా వ్యవస్థ అసలు పట్టికలలో వ్రాస్తూ పోతుంది.

శాప్ వ్యవస్థలలో

శాప్ వంటి సాఫ్టువేర్లలో పట్టికలకు రెండు ఉనికులు ఉంటాయి. ఒకటి సాఫ్టువేరు యొక్క సొంత డిక్షనరీలో, రెండవది డేటాబేసులో. డిక్షనరీలో ఉండి డేటాబేసులో లేకపోతే శాప్ ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయి షార్ట్ డంప్ నమోదవుతుంది. రెండింటి మధ్య తేడాలను చూచుటకు డీబీ02, పట్టికను డేటాబేసులో తిరిగి ఏర్పరచుటకు ఎస్‌ఈ14 అనే ట్రాన్సాక్షన్లను ఉపయోగిస్తారు.

బయటి వ్యవస్థ శాప్‌ను దాటి నేరుగా డేటాబేసును చదవబోయినప్పుడు మరింత వింత ఎదురవుతుంది. ఈసీసీ వెర్షనులో ఖాతాల పద్దుల వరుసలుండే బీఎస్‌ఈజీ పట్టిక శాప్ తెరపై స్పష్టంగా కనబడుతుంది. ఒరాకిల్‌లో మాత్రం ఆ పేరుతో పట్టికే లేదు. అది క్లస్టర్ పట్టిక కావడంతో దాని వరుసలు ఆర్‌ఎఫ్‌బీఎల్‌జీ అనే వేరొక పట్టికలో, శాప్ మాత్రమే విప్పగల రూపంలో ఉంటాయి. ఇక్కడ 00942 అక్షరాలా నిజమే చెబుతున్నది. అనుమతులెన్ని ఇచ్చినా ప్రయోజనం ఉండదు, శాప్ ద్వారానే చదవాలి. హానా డేటాబేసుకు మారిన వ్యవస్థలలో బీఎస్‌ఈజీ సాధారణ పట్టికగా మారింది. ఒరాకిల్ పైనే నడిచే పాత శాప్ వ్యవస్థలలో స్కీమా పేరు శాప్‌ఆర్3, తరువాతి స్థాపనలలో శాప్‌ఎస్‌ఆర్3 వంటివి కావడం వలన, స్కీమా పేరును క్వెరీలో స్థిరంగా వ్రాసిన బయటి ప్రోగ్రాములు కొత్త వ్యవస్థకు మారగానే ఇదే దోషంతో ఆగిపోతాయి.

నిర్ధారణ

మొదట తేల్చవలసినవి ఏ పట్టిక, ఏ ఖాతా, ఏ డేటాబేసు అన్న మూడు విషయాలు. చాలాకాలం వరకు 00942 సందేశంలో పట్టిక పేరే ఉండేది కాదు. పది పట్టికలను కలిపిన క్వెరీలో ఏది దొరకలేదో ఊహించుకోవలసి వచ్చేది. 2024లో పూర్తిస్థాయి పేరు పొందిన 23ఏఐ వెర్షనులో స్కీమా పేరు, పట్టిక పేరు సందేశంలోనే చేర్చబడ్డాయి. పాత వెర్షన్లు వాడే సంస్థలలో నిర్వాహకుడు 942 సంఖ్యకు ట్రేస్ ఏర్పాటు చేస్తే, దోషం మళ్ళీ వచ్చినప్పుడు విఫలమైన క్వెరీ ట్రేస్ ఫైలులో నమోదవుతుంది. అప్లికేషన్ లాగ్‌పై ఆధారపడడం కంటే ఇది నమ్మదగినది.

తరువాత, దోషం వచ్చిన ఖాతాతోనే, దోషం వచ్చిన సర్వరు నుండే ప్రవేశించి చూడాలి. నిర్వాహకుని ఖాతాతో చూసి "నాకు బాగానే కనబడుతున్నది" అనడం సర్వసాధారణమైన పొరపాటు. నిర్వాహకునికి అన్నీ కనబడతాయి, అందువలన ఆ పరీక్షకు విలువ లేదు. ఒరాకిల్ తన పట్టికల జాబితాను కూడా వ్యూల రూపంలోనే అందిస్తుంది. ఆల్_ఆబ్జెక్ట్స్ అనే వ్యూలో వాడుకరికి అనుమతి ఉన్నవి మాత్రమే కనబడతాయి. డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో ఉన్నవన్నీ కనబడతాయి. రెండవదానిలో ఉండి మొదటిదానిలో లేకపోతే లోపం అనుమతిది. రెండింటిలోను ఉండి కూడా క్వెరీ విఫలమైతే స్కీమా పేరునో, సినానిమ్‌నో, పేరులోని అక్షరాలనో, రోల్స్‌నో అనుమానించాలి. రెండింటిలోను లేకపోతే అప్పుడు పట్టిక నిజంగా లేనట్లు.

పొరపాటున డ్రాప్ అయిన పట్టికను 10జీ వెర్షను నుండి రీసైకిల్ బిన్ ద్వారా తిరిగి పొందే వీలు కలదు. బిన్ ఖాళీ చేయబడక మునుపు ఫ్లాష్‌బ్యాక్ వాక్యంతో పట్టికను వరుసలతో సహా వెనుకకు తేవచ్చు. కాబట్టి బ్యాకప్ కోసం పరుగెత్తే ముందు బిన్‌లో చూడాలి.

తప్పు చికిత్సలు

పై ఉదాహరణలో, సిబ్బంది వైపు పనిచేసే ఒక ఉద్యోగి సందేశాన్ని చదివి, లేదన్నారు కనుక అదే ఆకారంతో ఒక ఖాళీ "మార్పులు" పట్టికను వారధి స్కీమాలో సృష్టించాడనుకొందాం. దోషం వెంటనే పోతుంది. సొంత స్కీమాలోని పట్టికకు పబ్లిక్ సినానిమ్ కంటే ప్రాధాన్యం ఉన్నందున క్వెరీ ఇకపై ఈ ఖాళీ పట్టికనే చదువుతుంది. రాత్రి పని విజయవంతమైనదని, సున్న వరుసలు వచ్చినవని లాగ్‌లో నమోదవుతుంది. పని ఆగిపోయినంతకాలం అందరూ దానిని గమనిస్తూ ఉండేవారు, ఇప్పుడు గమనించేవారు ఉండరు. కొత్తగా చేరినవారికి జీతం రాలేదని, ఇంక్రిమెంటు కలవలేదని నెలాఖరున తెలుస్తుంది. అప్పటికి ఖాళీ పట్టిక సంగతి సృష్టించినవారికైనా గుర్తుంటుందన్న నమ్మకం లేదు. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు పట్టిక లేకపోతే దానంతట అదే సృష్టించుకొనేలా వ్రాసిన ప్రోగ్రాములలో ఈ ప్రమాదం మనిషి ప్రమేయం లేకుండానే జరుగుతుంది.

అనుసంధాన ఖాతాకు ఏ పట్టికనైనా చదివే అనుమతి, లేదా ఏకంగా డీబీఏ రోల్ ఇవ్వడం రెండవ తప్పు చికిత్స. దోషం పోవచ్చు, కాని ఆ ఖాతా పాస్‌వర్డు తెలిసిన ప్రతి వ్యవస్థకు సంస్థ సమాచారమంతా తెరచి ఇచ్చినట్లవుతుంది. ప్రోగ్రాములో దోషాలన్నిటినీ మింగివేసే వాక్యం చేర్చడం మూడవది, దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు.

ఇతర డేటాబేసులలో

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 42పీ01 సంకేతంతో రిలేషన్ లేదని చెబుతుంది. అనుమతి లేనప్పుడు 42501 అనే వేరే సంకేతం ఇస్తుంది కనుక ఇక్కడ రెండింటి మధ్య సందిగ్ధం లేదు. స్కీమాలను వెదికే వరుసను సెర్చ్_పాత్ అనే అమరిక నిర్ణయిస్తుంది. 2013లో 9.3 వెర్షనుతో వచ్చిన పోస్ట్‌గ్రెస్_ఎఫ్‌డీడబ్ల్యూ ద్వారా మరొక సర్వరులోని పట్టికలను వాడుకోవచ్చు. అయితే ఇవతల ఫారిన్ పట్టికను నిర్వచించేటప్పుడు అవతల అది ఉన్నదో లేదో చూడదు, చదివినప్పుడే దోషం బయటపడుతుంది. అవతలి సెషనులో సెర్చ్_పాత్‌ను కనిష్ఠానికి కుదించి పెడుతుంది. కాబట్టి అక్కడి ట్రిగ్గరులోని ఫంక్షను స్కీమా పేరు లేకుండా పట్టికను పిలిస్తే, అవతల నేరుగా పనిచేసేది లింకు గుండా విఫలమవుతుంది.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరులో ఇది 208 సంఖ్య. లింక్డ్ సర్వర్ల గుండా వచ్చే 7314 సందేశం కొంత నిజాయితీ గలది. పట్టిక లేదు, లేదా ప్రస్తుత వాడుకరికి అనుమతి లేదు అని రెండు అవకాశాలనూ అదే చెబుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో 1146 సంఖ్య వస్తుంది. లైనక్సులో పట్టికల పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల భేదం పాటించబడుతుంది, విండోసులో పాటించబడదు. విండోసు కంప్యూటరులో వ్రాసి పరీక్షించిన ప్రోగ్రాము లైనక్సు సర్వరుపై 1146 ఇవ్వడానికి ఇదే ముఖ్య కారణం. 8.0కు ముందటి వెర్షన్లలో డేటాబేసు ఫైళ్ళలో కొన్నిటినే నకలు చేసినప్పుడు, పట్టిక పేరు జాబితాలో కనబడుతూ, చదవబోతే లేదనడం జరిగేది. నిర్వచనం ఒక ఫైలులోను, ఇన్నోడీబీ యొక్క సొంత జాబితా వేరొక ఫైలులోను ఉండడం ఇందుకు కారణం. 2018లో వచ్చిన 8.0 వెర్షనులో ఈ రెండు జాబితాలను ఒకే డిక్షనరీగా చేశారు.